బి.డి., సైకాలజీ, కెనడా మాస్టర్స్: మన వైపు పిల్లలకు ఏది మేలు?

దక్షిణ ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, ఎక్కడ యువజన కూడికకు వెళ్లినా డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ఒకరిద్దరు పక్కకు పిలిచి అదే అడుగుతున్నారు. "అక్కా, సేవలో ఉండాలని ఉంది. మనసు బాగాలేనివాళ్లకు సాయం చెయ్యాలనీ ఉంది. బి.డి.కి వెళ్లాలా, ఎం.ఎస్సీ సైకాలజీకి వెళ్లాలా?" బి.డి. అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లయ్యేవారి చదువు. ఈమధ్య ఇంకో ప్రశ్న తోడైంది. కెనడాలో థియాలజీ (దైవశాస్త్రం), ఆత్మీయ సంరక్షణ (బాధలో ఉన్నవారికి విశ్వాసం వైపు నుంచి తోడుండటం), సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) కలిపి ఒకే మాస్టర్స్‌గా చెబుతారట, అప్పు చేసైనా వెళ్లొచ్చా అని. మా అక్క కూతురు కూడా ఈ ఏడాది ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఎన్నో రోజులు నడిచిన ఆ మాటల్లో నాకు తేటపడినవి రాస్తున్నాను.

బి.డి. ఏమిటో మీకు తెలుసు. బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేట్ ఇచ్చే డిగ్రీ. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే హక్కు పొందిన కాలేజీ అది, కాబట్టి పేరుకు లోటు లేదు. మనవాళ్లు హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకో, బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీకో, చెన్నై గురుకుల్ లూథరన్ థియలాజికల్ కాలేజీకో వెళ్తుంటారు. సంఘం పంపిస్తే ఖర్చు తగ్గుతుంది, తిరిగొచ్చాక సంఘంలో పనిచేయాల్సిన బాధ్యతా ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "దేవుడు నాకే ఎందుకిలా చేశాడు?" అంటే భయపడకుండా ఆ ప్రశ్న దగ్గర కూర్చునే శక్తి, బైబిల్లోని యోబు గ్రంథాన్నీ విలాప కీర్తనల్నీ ఏళ్ల తరబడి చదివినవాళ్లకు వస్తుంది. సైకాలజీ సిలబస్‌లో అది దొరకదు. కానీ బి.డి.లో కౌన్సెలింగ్ కొన్ని పేపర్ల వరకే. లోతుగా కావాలంటే ఆ తర్వాత పాస్టోరల్ కేర్‌లో ఎం.టిహెచ్., అంటే మాస్టర్ ఆఫ్ థియాలజీ చెయ్యాలి. ఎన్ని చేసినా ఆ దారిలో మానసిక జబ్బులను పరీక్షించి థెరపీ ఇచ్చే క్లినికల్ సైకాలజిస్ట్ కాలేరు. దానికి 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి.

సైకాలజీకి మనవాళ్లు వెళ్లగలిగేది విశాఖ. గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కితే చేరుకోవచ్చు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విభాగం ఉంది. ఇన్నాళ్లూ చాలామంది ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ కట్టేవారు. ఆ తలుపు మూసుకుంది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేర్చుకోవద్దని యూజీసీ చెప్పింది. ఇప్పటికీ "ఇంట్లో కూర్చుని సైకాలజీ పీజీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. ఎం.ఎస్సీ ఒక్కటే ఉంటే స్కూళ్లలో, స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సెలర్‌గా పనిచేయొచ్చు గానీ క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి ఇన్నాళ్లూ ఉన్న దారి రెండేళ్ల ఎం.ఫిల్. 2022 నిబంధనల్లో యూజీసీ ఎం.ఫిల్‌ను ఆపేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. అందుకే చేరే ముందు ఆ కోర్సు పేరు ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. కాలేజీ వాళ్ల మాట చాలదు.

ఇక నేను అన్నిటికంటే ముందు చూసేది. డిగ్రీ పేరు కాదు, ఫీజు కూడా కాదు. బాధలో ఉన్న మనిషి ఎదురుగా మీరు కూర్చున్నప్పుడు ఏం మాట్లాడారో తర్వాత ఒక అనుభవజ్ఞుడు విని, సరిదిద్దే ఏర్పాటు ఆ చదువులో ఉందా? సూపర్‌విజన్ అంటారు దీన్ని. ఆత్మీయ సంరక్షణలో ఈ పద్ధతికి వందేళ్లు నిండాయి. ఆంటన్ బోయిసెన్ అనే అమెరికన్ పాస్టర్ తానే మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. 1925లో వూస్టర్ మానసిక ఆసుపత్రికి థియాలజీ విద్యార్థులను తీసుకొచ్చి, పుస్తకాలతో పాటు రోగుల జీవితాలనూ చదవమన్నాడు. ఇవాళ క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్, సీపీఈ అంటున్నది ఆ వరుసలో వచ్చినదే. అమెరికాలో ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు. అందులో ఎక్కువ భాగం రోగుల పక్కనే గడుస్తుంది.

సీపీఈలో ముఖ్యమైనది వెర్బేటిమ్. వార్డులో రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసి గ్రూపు ముందు పెట్టాలి. ఉదాహరణకు రోగి "ఇక బతకాలని లేదు" అన్నాడు, విద్యార్థి వెంటనే ప్రార్థన మొదలుపెట్టాడు అనుకోండి. సూపర్‌వైజర్ అడిగేది ఇది: ఆ ప్రార్థన ఎవరి టెన్షన్ తగ్గించడానికి? అతని దగ్గర ఏదైనా మందు డబ్బా ఉందా, ఇంట్లో ఎవరున్నారు, ఇవి ఎందుకు అడగలేదు? ఒక్కసారి ఇలాంటి ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లు ఆ తర్వాత మంచం పక్కన కూర్చునే తీరే మారుతుంది. ఎం.ఎస్సీ అయ్యాక నేను ఆసుపత్రిలో చేసిన ఈ శిక్షణే ఇవాళ నా పనికి ఆధారం.

మన జిల్లాల్లో ఇది మరీ అవసరం. ఇక్కడ నిద్ర పట్టడం లేదన్నా, ఒంట్లోకి ఏదో వచ్చిందన్నా జనం ముందు వెళ్లేది పాస్టర్ దగ్గరికో, గుడికో, ఊరి వైద్యుడి దగ్గరికో. సైకియాట్రిస్ట్ కావాలంటే చాలామంది బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో విశాఖకో బయలుదేరాలి. మొదట వినే మనిషికి ఏది దుఃఖం, ఏది జబ్బు అని గుర్తుపట్టడం రాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. సవర గిరిజనుల పల్లెల్లో చనిపోయినవాళ్లు పూజారిణి నోట ఇంటివాళ్లతో మాట్లాడే ఆచారం ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. నిన్నటి తరం అలా దుఃఖాన్ని దించుకుంది. నేటి తరంలో చాలామంది చర్చికి వెళ్తున్నారు. వాళ్ల మధ్య పనిచేసేవారికి ఆ సంప్రదాయం పట్ల గౌరవం ఉండాలి, జబ్బు లక్షణాలూ తెలియాలి, మాట గడప దాటనివ్వని నిబద్ధతా ఉండాలి. భాష సంగతి చెప్పనక్కర్లేదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు, మనమూ నేర్చుకోవచ్చు.

ఈ కొలతతో చూస్తే కెనడా చదువు నిజంగా గట్టిది. వాటర్లూలోని మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజీ, టొరంటోలోని ఎమాన్యుయేల్ కాలేజీ లాంటి చోట్ల థియాలజీ, థెరపీ ఒకే చదువులో నడుస్తాయి. ఎమాన్యుయేల్‌లో ముస్లిం, బౌద్ధ విద్యార్థులకూ చోటుంది. ఈ రెండూ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2015 నుంచి సైకోథెరపిస్టులకు చట్టబద్ధమైన కాలేజీ, అంటే నియంత్రణ సంస్థ ఉంది. పూర్తి స్థాయి రిజిస్ట్రేషన్‌కు క్లయింట్లతో నేరుగా 450 గంటలు, సూపర్‌విజన్ 100 గంటలు చూపాలి. అక్కడే స్థిరపడాలనుకుంటే ఇంతకంటే మంచి దారి నాకు కనబడదు. కానీ ఒంటారియో లైసెన్సు ఒంటారియోకే. తిరిగొచ్చి మన కాశీనగర్‌లోనో మోహనాలోనో పనిచేయాలనుకునేవారు లక్షల అప్పుతో వస్తే, ఆ అప్పు తీర్చడానికే మళ్లీ విమానం ఎక్కాల్సి ఉంటుంది.

అందుకే ఇక్కడే ఉండి పనిచేయాలనుకునేవారికి నేను చెప్పేది రెగ్యులర్ ఎం.ఎస్సీ సైకాలజీ, దాని వెంటే వెల్లూరు సీఎంసీ లాంటి చోట చాప్లెన్సీ విభాగం (రోగులకు ఆత్మీయంగా తోడుండే విభాగం) ఇచ్చే సీపీఈ. మా అక్క కూతురూ అదే ఎంచుకుంది. పాస్టర్ పిలుపు ఉందని గట్టిగా నమ్మేవారు మాత్రం బి.డి.కే వెళ్లండి, సందేహం వద్దు. సెలవుల్లో ఆసుపత్రి శిక్షణ అడిగి మరీ చెయ్యండి.

ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్ పీజీ కూడా మంచిదే, ఉద్యోగాలు తొందరగా వస్తాయి. వారాంతపు కౌన్సెలింగ్ సర్టిఫికెట్లు సండే స్కూల్ టీచర్లకు పనికొస్తాయి, అంతకు మించి వాటితో ఎవరినీ చూడకూడదు. ఏ కోర్సులో చేరినా, చేరకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 మీ ఫోన్లో, మీ సంఘం నోటీసు బోర్డు మీద ఉంచండి. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు.