స్పానిష్, ఇటాలియన్ జంట డిగ్రీ: 5కి 4 మార్కులు

బ్రిటన్ యూనివర్సిటీల్లో ఈ రెండు భాషలూ కలిపి చదివే డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు, అందులో మూడో ఏడాది విదేశంలో. స్కూల్లో స్పానిష్ ఏ-లెవెల్ (అక్కడి స్కూలు చదువు చివరి పరీక్ష) చేసి, ఇటాలియన్ ఓనమాల నుంచి మొదలుపెట్టడం చాలామంది పట్టే దారి. కేంబ్రిడ్జ్‌లో అయితే రెండూ సున్నా నుంచి కుదరదు, ఒకటైనా ముందే వచ్చి ఉండాలి.

ఒక మార్కు కోసింది మొదటి ఏడాది ఇటాలియన్ వేగానికి. స్కూల్లో ఏళ్ల తరబడి నేర్పే వ్యాకరణాన్ని నెలల్లో పూర్తిచేస్తారు. స్పానిష్ వచ్చు కదా అన్న ధీమా చదవడం వరకే పనికొస్తుంది. నోరు విప్పినా కలం పట్టినా స్పానిష్ దూరిపోతుంది. బుర్రో అంటే స్పానిష్‌లో గాడిద, ఇటాలియన్‌లో వెన్న. ఇలాంటివి నవ్వుకుంటూ గుర్తుంచుకోవచ్చు. మార్కులు పోయేది వేరేచోట. 'వెళ్లింది, తిన్నది' లాంటి వాటికి స్పానిష్‌లో సహాయక క్రియ ఒక్కటే, అబేర్. ఇటాలియన్‌లో రెండు: తినడానికి అవేరె, వెళ్లడానికి ఎస్సెరె. ఎస్సెరె వస్తే క్రియ చివర కూడా మారాలి, అతను వెళ్తే అందాతో, ఆమె వెళ్తే అందాతా. 'అనుకుంటున్నాను' తర్వాత స్పానిష్‌లో మామూలు క్రియే చాలు (క్రేఓ కే ఎస్), ఇటాలియన్‌లో సబ్జంక్టివ్, అంటే అభిప్రాయం, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం, పెట్టాలి (క్రేదో కె సీఆ). స్పానిష్ గట్టిగా వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ జారతారు. ఒకే నోట్‌బుక్‌లో ఎడమ పేజీకి స్పానిష్ వాక్యం, కుడి పేజీకి అదే వాక్యం ఇటాలియన్‌లో రాసుకుంటూ పోతే ఈ జారుడు తగ్గుతుంది.

తెలుగింట పెరిగిన పిల్లలకి కొన్ని చోట్ల పని సగమే. స్పానిష్ మె గుస్తా, ఇటాలియన్ మి పియాచె అచ్చంగా మన 'నాకు ఇష్టం'. ఇంగ్లీషు పిల్లలు 'నేను'తో మొదలుపెట్టి ఇక్కడే తడబడతారు. స్పానిష్‌లో చూసింది మనిషినైతే ముందు 'అ' చేర్చాలి, వస్తువుకి అక్కర్లేదు. మనం 'సినిమా చూశాను' అని, 'రాముణ్ణి చూశాను' అనడం లేదూ? ఇక ఇటాలియన్‌లో నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాతయ్య. కల, కల్ల తేడా పలికే నాలుకకి ఇదో లెక్కా!

సాహిత్యం కోర్సులో పెద్ద వాటా. మాట్లాడటం వస్తే చాలనుకునేవాళ్లు చేరకపోవడమే మేలు. ఇటాలియన్ కవి దాంతె రాసిన 'కొమ్మెదియా'లో 100 కాంతోలు (సర్గలు), అందులో ఇన్ఫెర్నో (నరకం) భాగానివి 34. ఏడు వందల ఏళ్ల నాటి భాష అయినా భయపడినంత దూరంగా ఉండదు. ఎందుకంటే 1525లో పియెత్రో బెంబో అనే పండితుడు 14వ శతాబ్దపు టస్కన్‌ని (ఫ్లోరెన్స్ ప్రాంతపు మాట), అంటే పెట్రార్క్, బొకాచ్చో అనే రచయితల భాషని, రాతకి ప్రమాణంగా నిలబెట్టాడు. మన గ్రాంథికవాదులకి దూరపు చుట్టమన్నమాట, కాకపోతే ఈయన గెలిచాడు. 1605, 1615ల్లో రెండు భాగాలుగా వచ్చిన స్పానిష్ నవల 'డాన్ కిహోటే' లావుపాటి పుస్తకం, వేసవి సెలవుల్లోనే అవగొట్టాలి. స్పానిష్ పుస్తకాలకి కాతెద్రా ప్రచురణ సంస్థ వారి నల్ల అట్ట ప్రతులు కొనండి, పేజీ అడుగున పాత మాటలకి అర్థాలుంటాయి. నిఘంటువులకి డబ్బు తగలెయ్యక్కర్లేదు, స్పానిష్‌కి ఆర్‌ఏఈ (స్పానిష్ రాయల్ అకాడమీ) వారిది, ఇటాలియన్‌కి త్రెక్కాని ఆన్‌లైన్‌లో ఉచితం.

విదేశీ ఏడాదిని రెండు దేశాలకీ పంచుకుంటే రెండు భాషలూ బతుకుతాయి, కాగితాల పని మాత్రం రెట్టింపు. బ్రిటిష్ పాస్‌పోర్టున్నా 90 రోజులు దాటి ఉండాలంటే వీసా కావాలి. లాంగ్ స్టే వీసా మీద ఇటలీలో దిగాక 8 పనిదినాల్లో పెర్మెస్సో ది సోజోర్నోకి (నివాస అనుమతి కార్డు) దరఖాస్తు పెట్టాలి, దాని కిట్ పోస్టాఫీసులో ఇస్తారు. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు, అందాకా వాళ్లిచ్చిన రసీదే ఆధారం, పారేసుకోవద్దు. స్పెయిన్‌లో 6 నెలలు దాటే వీసా అయితే నెలలోపు టీఐఈ (విదేశీయుల గుర్తింపు) కార్డుకి దరఖాస్తు చేయాలి. పంచుకునేటప్పుడు ఇటలీకే ఎక్కువ నెలలు కేటాయించండి, వెనకబడి ఉండేది ఆ భాషే.