రైజెన్ కంటే ఎర్త్ వైరే ముఖ్యం: సీటీసీ డెస్క్‌టాప్‌పై దీర్ఘకాల సమీక్ష

కొత్త కంప్యూటర్ మీద సమీక్షలన్నీ మొదటి వారంలోనే రాసేస్తారు. అప్పటికి ఫ్యాన్‌లో దుమ్ము చేరి ఉండదు, యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి ఉండదు, మే నెల వచ్చి ఉండదు. నేను రాస్తున్నది 2019 చివర్లో కట్టించుకుని ఇప్పటికీ రోజూ వాడుతున్న డెస్క్‌టాప్ గురించి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అక్కడ షాపు షాపూ తిరిగి ఏరుకున్న భాగాలు: ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఫొటోలకు ఒక టీబీ హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. నా ఆఫీసు పని, మా ఆవిడ ఎక్సెల్ షీట్లు, మావాడి గేములు అన్నీ దీని మీదే.

ప్రాసెసర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అదే దానికి పెద్ద పొగడ్త. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఒక్కరోజు కూడా మొరాయించలేదు. డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ, అది కరెంటు మీటరుతో కొలిచిన అంకె కాదు. బోర్డు మీద తను కూర్చునే సాకెట్ నుంచి ఇది లాగడానికి ఉన్న పరిమితి 88 వాట్లు. అలాగే చిప్ తయారీ పద్ధతికి చెప్పే 7 నానోమీటర్లు అంటే లోపల దేన్నో కొలిస్తే ఏడు వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. అది తరానికి పెట్టుకున్న పేరు మాత్రమే. కొనేముందు ఈ అంకెల మీద మేం మిత్రులం రాత్రి రెండింటి దాకా కొట్టుకున్నాం. అందులో పదో వంతు సేపు ఇంటి వైరింగ్ గురించి మాట్లాడుకుని ఉంటే ఎంతో ఉపయోగపడేది.

బోర్డు ఎంపిక మాత్రం కలిసొచ్చింది. 2020 మేలో ఏఎండీ, రాబోయే 5000 సిరీస్ చిప్‌లు బీ450 బోర్డుల మీద నడవవని ప్రకటించింది. జనం గోల పెట్టేసరికి అదే నెలలో మాట మార్చుకుంది. ఇప్పుడు బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే ఈ పాత బోర్డు మీదే 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డీ కూడా కూర్చుంటుంది. ఏఎండీకి మన హైదరాబాద్‌లో కూడా డిజైన్ సెంటర్ ఉంది కాబట్టి అందులో కొంచెం పేరు మనకూ వస్తుందని నేను నిర్మొహమాటంగా చెప్పుకుంటాను.

3600లో ఒక్క లోటుంది: తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం లోపల లేదు. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. 2021లో ఇది బాగా తెలిసొచ్చింది. ఒకవైపు చిప్‌ల కొరత, ఇంకోవైపు కార్డులతో లెక్కలు కట్టించి ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ సంపాదించే మైనింగ్ వాళ్ళు కార్డులన్నీ ఎత్తుకుపోతున్నారు. నాలుగు జీబీల నా చిన్న 1650కి కొన్న ధర కంటే ఎక్కువిస్తామని అడిగినవాళ్ళు ఉన్నారు. అమ్మితే డబ్బులొస్తాయి, కంప్యూటర్ పోతుంది. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం ఆ మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పాక గానీ మార్కెట్ దారికి రాలేదు.

ఇక వేడి. కంప్యూటర్ ప్లగ్గు నుంచి 150 వాట్లు లాగితే, ఆ 150 వాట్లూ చివరికి గదిలోకి వేడిగానే దిగుతాయి. కోడ్ కంపైల్ చేసినా అంతే, గేమ్ ఆడినా అంతే. ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా అది విసిరేది గదిలో ఉన్న గాలినే. గది 28 డిగ్రీలున్నప్పుడు చిప్ 72 దగ్గర ఆడుతుంటే, అదే పనికి మే మధ్యాహ్నం గది 38 అయిందంటే చిప్ 82కి పోతుంది. 95కి చేరితే అదే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి చల్లటి దేశంలో కూర్చుని ఎవరో ఇచ్చిన టెంపరేచర్ పట్టికలు చూసి మురిసిపోకండి. వాటికి మన ఎండాకాలాన్ని కలుపుకోండి.

చిప్‌తో పాటు ఊరికే ఇచ్చిన అల్యూమినియం కూలర్ పనికొస్తుంది. నిశ్శబ్దం మాత్రం కోరకూడదు. దాని కింద, చిప్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయాక మార్చాలి. రెండు లోహాలు ఎంత నున్నగా కనబడినా మధ్యలో గాలి ఇరుక్కుని ఉంటుంది. వేడిని మోయడంలో రాగికి 400 వేస్తే గాలికి వచ్చేది 0.026. మంచి పేస్టుకు ఐదో ఆరో. అంటే రాగి పక్కన అది దండగే, గాలి కంటే మాత్రం రెండు వందల రెట్లు నయం. గాలిని వెళ్ళగొట్టడమే దాని పని కాబట్టి శనగగింజంత పెడితే చాలు. దోసెలా పరవక్కర్లేదు.

పేస్టు మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఈ తరం ఏఎండీ చిప్ అడుగున 1331 పిన్నులుంటాయి. ఎండిన పేస్టు కూలర్‌ను చిప్‌కి అతికించేస్తుంది. స్క్రూలు విప్పి నిలువుగా లాగారో, సాకెట్ లాక్ వేసి ఉన్నా సరే, కూలర్‌తో పాటు చిప్ ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. మా తమ్ముడి స్నేహితుడి చిప్‌కి అదే జరిగింది. క్రెడిట్ కార్డు అంచుతో ఒక్కో వరసా నిలబెట్టేసరికి ఆదివారం అయిపోయింది. నేనైతే ముందు పది నిమిషాలు ఏదో గేమ్ నడిపి చిప్‌ని వేడెక్కిస్తాను. ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పి కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతాను. చేతికి వదులు తెలిశాకే పైకెత్తుతాను.

గదిలో ఎయిర్ కూలర్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. మేలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు చురుగ్గా ఆవిరై గదితో పాటు కంప్యూటర్ కూడా చల్లబడుతుంది. జూలైలో గాలిలో తేమ ఎక్కువ, కూలర్ ఉత్త ఫ్యానే. ఏ నెలైనా ఆ గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పొద్దు. తేమకు దుమ్ము తోడై చిప్ కూలర్ రెక్కల మధ్య ముద్దకట్టి గట్టిపడుతుంది. బ్లోయర్‌కి రాదు, పెయింట్ బ్రష్‌తో గీకాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే ఆ మోటారే జనరేటరై బోర్డులోకి కరెంటు పంపే ప్రమాదముంది.

అసలు విషయం ఎర్తింగ్. కంప్యూటర్ కొన్న మొదటి వేసవిలో, ఉత్త కాళ్ళతో నేల మీద నిలబడి క్యాబినెట్ అంచుకు మోచెయ్యి తగిలితే సన్నగా జివ్వుమనేది. టెస్టర్ పెడితే లోపలి బల్బు మసగ్గా వెలిగింది. దుమ్ము తుడవడానికి వచ్చిన మా అమ్మ "ఇదేంట్రా, ముట్టుకుంటే షాకు కొడుతోంది, తిరిగిచ్చేయ్" అంది. తిరిగివ్వాల్సింది కంప్యూటర్ని కాదు.

కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లుంటాయి, వై కెపాసిటర్లంటారు. ఒకటి ఫేజ్ నుంచి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి ఇనప బాడీకి. లోపల కరెంటు వేగంగా ఆన్-ఆఫ్ అవడం వల్ల పుట్టే విద్యుత్ రొదని ఎర్త్‌లోకి దింపడమే వాటి పని. ఎర్త్ సరిగ్గా ఉంటే బాడీ సున్నా దగ్గర ఉంటుంది. లేదంటే ఆ రెండు కెపాసిటర్ల నడుమ వేలాడుతూ 230లో సగం, సుమారు 115 వోల్టుల దగ్గర ఉంటుంది. కరెంటు మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ కాబట్టి జివ్వుమనిపించి వదిలేస్తుంది. కానీ కంప్యూటరూ టీవీ రెండూ ఆన్‌లో ఉండగా అలాంటి కంప్యూటర్‌కి టీవీ హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే ఆ తేడా అంతా సన్నటి పిన్నుల గుండా పోతుంది. పోర్టు కాలినా ఆశ్చర్యం లేదు. స్పైక్ బస్టర్ కూడా ఎర్త్ లేకపోతే సగం పని మానేస్తుంది, పైన ఎర్ర దీపం మాత్రం దర్జాగా వెలుగుతుంది.

మల్టీమీటర్‌తో సాకెట్‌లో చూశాను. ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 231. ఫేజ్‌కి ఎర్త్‌కి కూడా దాదాపు అంతే రావాలి, 170 వచ్చింది. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య ఒకటో రెండో వోల్టులుండాల్సింది, అరవై. గోడలో ఎర్త్ వైరైతే ఉంది, అది భూమిదాకా పోవట్లేదు.

మా అపార్ట్‌మెంట్ ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత, పార్కింగ్ మూలన ఉంది, మూత మీద ఎవరిదో స్కూటర్ స్టాండు. ఈ ఊళ్ళో మట్టి పైపైనే, కొంచెం తవ్వితే గ్రానైట్ రాయి తగులుతుంది. ఎండిన మట్టికీ రాయికీ కరెంటు మోసే ఓపిక ఉండదు. అందుకే పిట్‌లో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తడిలో కరిగి దారి ఇస్తుంది. నీళ్ళే పోయకపోతే రెండూ దండగ. అసోసియేషన్ మీటింగులో ఈ మాటెత్తితే "ఎర్తింగ్ లిఫ్టుకు కదా సార్?" అన్నారొకరు. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి మూత తీశాడు. లోపల బొగ్గు పొడిపొడిగా ఉంది, పైపుకి పట్టీ బిగించిన బోల్టు తుప్పు పట్టి వదులైంది. పట్టీ గీకి, కొత్త బోల్టు బిగించి, నాలుగు బకెట్ల నీళ్ళు పోశాడు. పైకొచ్చి చూస్తే న్యూట్రల్-ఎర్త్ మూడు వోల్టులు. జివ్వుమనడం ఆ సాయంత్రంతో పోయింది. ఎండాకాలంలో వాచ్‌మన్ వారానికోసారి బకెట్ నీళ్ళు పోస్తాడు. ఈ కంప్యూటర్‌కి నేను చేయించిన అప్‌గ్రేడ్లలో ఇంత చవకైనదీ, ఇంత పనికొచ్చినదీ ఇంకోటి లేదు.

ఎస్ఎంపీఎస్ విషయంలో సీటీసీలో ఒక షాపతను "అన్నా, గిది 450 వాట్లది, మస్తు నడుస్తది" అంటూ గాలితిత్తంత తేలికైన డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. దండం పెట్టి, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది తీసుకున్నాను. సగం లోడు మీద 85 శాతం సామర్థ్యం అని దాని అర్థం. ఇన్నేళ్ళలో దాని ఉనికే తెలియలేదు.

యూపీఎస్‌కి మాత్రం మార్కులు తక్కువే. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, 360 వాట్లు అని చిన్న అక్షరాలతో. లోపల బ్యాటరీ 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), అంటే 84 వాట్-అవర్లు. 150 వాట్ల కంప్యూటర్‌కి అరగంట పైనే రావాలి కదా? రాదు. ఆ 7 అనేది ఇరవై గంటల పాటు నింపాదిగా, 0.35 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చే అంకె. మన కంప్యూటర్ ఒక్కసారిగా పన్నెండు, పదమూడు ఆంపియర్లు గుంజితే ఆ లెడ్ బ్యాటరీ సగం కూడా ఇవ్వదు. కొత్తలో పది, పదిహేను నిమిషాలు. తర్వాత ఫైలు సేవ్ చేసుకునేంత సేపు. ఈ బ్యాటరీలను 25 డిగ్రీల లెక్కన తయారుచేస్తారు. పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన గదుల్లో రెండేళ్ళు, మహా అయితే మూడు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది దొరుకుతుంది, పాతది ఇస్తే సీసం ఖరీదు తగ్గిస్తారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అసలు ఈ గొడవే వద్దు. దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఒకటుంటుంది. కరెంటు పోయాక మంచి ఎస్ఎంపీఎస్ తనలోని పెద్ద కెపాసిటర్ మీద పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు నడుస్తుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఆ లోపే అందుకుంటుంది. మామూలు మోడ్‌లో ఆలస్యమవుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. నేను ఇప్పుడు దాని మీదే నడుపుతున్నాను. ప్యూర్ సైన్ వేవ్, అంటే లైన్ కరెంటులాంటి నున్నటి అలనే ఇచ్చే ఇన్వర్టరై ఉండాలి, అంతే.

ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఇంకా తొంభై శాతం పైనే చూపిస్తోంది. రాస్తే అరిగిపోతుందని భయపడి దాచుకునేవాళ్ళు నిశ్చింతగా వాడుకోండి. హార్డ్ డిస్క్ ఒక టీబీ అంటే విండోస్ 931 జీబీ చూపిస్తుంది. బంగారం కొట్లో తరుగు తీసినట్టు అనిపిస్తుంది గానీ ఎవరూ ఏమీ తీయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో. ర్యామ్ కొన్నవాళ్ళు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేసుకోండి. చేయకపోతే 3200 వేగానికి డబ్బులిచ్చి 2400 దగ్గరో, 2666 దగ్గరో నడుపుకుంటారు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 3600కి విండోస్ 11 అధికారికంగానే ఎక్కుతుంది, బయోస్‌లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా సెట్టింగు ఆన్ చేస్తే చాలు. ర్యామ్ 32 జీబీ చేద్దామనుకున్నాను గానీ, 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా మింగేస్తున్నాయి, ధరలు చూసి వెనక్కొచ్చాను. పెడితే 5700ఎక్స్ ప్రాసెసర్ పెడతాను, అదీ సెకండ్ హ్యాండ్ అయితేనే.

ఇలాంటి మెషీనే పాతది కొనేవాళ్ళకు: చిప్ తీయించి పిన్నులు వెలుతురులో చూడండి. ప్లగ్గు తీసి పెట్టాక గడియారం పాత తేదీకి పోతే కంగారు పడకండి, బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. కేసు లోపల తెల్లటి గట్టి దుమ్ము కనబడితే ఎయిర్ కూలర్ ముందు బతికిందని అర్థం, అడిగిన ధరలో కొంత తగ్గించమనండి.