పెళ్లి అమలాపురంలోనా, అమెరికాలోనా?

మా మేనకోడలిది అమలాపురం. అబ్బాయి అమెరికా పౌరుడు, ఉద్యోగం కూడా అక్కడే. పెళ్లి ఎక్కడ చేయాలన్నదే ఇప్పుడు ఇంట్లో టెన్షన్.

అక్కడైతే కె-1, అంటే ఫియాన్సీ వీసా. దీనికి అమెరికా పౌరులే దరఖాస్తు పెట్టగలరు, గ్రీన్‌కార్డు ఉంటే చాలదు. గత రెండేళ్లలో ఇద్దరూ నేరుగా కలుసుకుని ఉండాలి. దిగిన 90 రోజుల్లో పెళ్లి, తర్వాత గ్రీన్‌కార్డుకి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవడమే. మన కోనసీమ వాళ్లకు అసలు గండం వేరే ఉంది: నిశ్చితార్థమే పెళ్లంత చేస్తాం కదా! పందిరి, దండలు, ఊరంతా భోజనాలు ఉన్న ఫొటోలు చూసి, మీకు పెళ్లైపోయినట్టే ఉందని కాన్సులేట్‌లో వీసా తిరస్కరించవచ్చు.

ఇక్కడ చేస్తే సీఆర్-1, అంటే పెళ్లయ్యాక భార్యగా వెళ్లే వీసా. అబ్బాయి హిందువు కాడు కాబట్టి గుళ్లో తాళి కడితే సరిపోదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేయించాలి. ఇద్దరిలో ఒకరు నోటీసుకి ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. రెండు వారాల సెలవులో ఇదంతా తెమలదు. కానీ ఆ వీసాతో దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. పెళ్లై రెండేళ్లు నిండకముందే వెళితే గ్రీన్‌కార్డు రెండేళ్లకే ఇస్తారు, దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఐ-751, అంటే ఆ కార్డు మీది షరతు తీసేయమని అడిగే దరఖాస్తు పెట్టాలి.

నా ఓటు రెండోదానికే. మా అక్క మాత్రం నోటీసు గడువు ఆషాఢంలో పడకుండా చూడమంటోంది.