నాన్న పానాల సెట్టు: ఇన్నాళ్ళు వాడాక నా మాట

పానాల సెట్టు అంటే అందరికీ తెలిసిందే. నట్లు విప్పడానికీ బిగించడానికీ 6-7 నుంచి 20-22 మిల్లీమీటర్ల దాకా ఎనిమిది పానాలు, ఒక్కోదానికి రెండు కొసలా రెండు నోళ్ళు. కొలతల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను చెప్పాలనుకుంటున్నది వాటికి మా నాన్న చుట్టిన సైకిలు ట్యూబు గురించీ, పూసిన రంగుల గురించీ. ఎంత డబ్బు పెట్టినా ఆ సదుపాయం ఏ హార్డ్‌వేర్ కొట్లోనూ దొరకదు. నాకు ఈ సెట్టు మీద ఇంత ప్రేమ ఉండడానికి కారణం అదే.

నాన్న మెకానిక్. చిన్నప్పుడే సాలూరులో లారీల షెడ్డులో పనికి చేరాడు. పెళ్ళయ్యాక గజపతినగరం వచ్చి, ఇంటి ముందే రేకులు దింపి సొంతంగా మోటారు సైకిళ్ళ షెడ్డు పెట్టుకున్నాడు. 2022లో పోయాడు. అప్పట్నుంచి సెట్టు నేనే వాడుతున్నాను. నేను మెకానిక్‌ని కాదు, కాలేజీలో క్లర్కుని. నా పాత బండి, ఇంట్లో నీళ్ళ మోటారు, వీధిలో పిల్లల సైకిళ్ళు, ఇంతే నా పనులు. రోజంతా షెడ్డులో చేసేవాళ్ళ అనుభవం వేరేగా ఉండొచ్చు.

ముందు రంగుల సంగతి. పానా మీద ఉండే అంకెలు గ్రీజు పట్టాక కనపడవు. పైగా అమ్మకి చదువు లేదు. సాయంత్రం కుర్రాళ్ళు వెళ్ళిపోయాక నాన్నకి అందివ్వడానికి ఉండేది అమ్మే. అందుకని లారీలకు పేర్లు రాసే పెయింటరు దగ్గర అడుగూ బొడుగూ మిగిలిన ఎనామిల్ రంగులు అడిగి తెచ్చి పానాలకి పూశాడు. 10-11కి ఎరుపు, 12-13కి ఆకుపచ్చ, 14-15కి నీలం, 16-17కి పసుపు, 18-19కి తెలుపు. మిగతావి మరీ చిన్నవో మరీ పెద్దవో కాబట్టి వాటికి రంగు అక్కర్లేదన్నాడు. 

"ఏటే, ఎర్రది ఇలాగియ్యి" అని బండి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్న నాన్న చెయ్యి చాపితే, అమ్మ చేతిలో చేట పక్కన పెట్టి ఎర్రది అందించేది. మేం పెద్దయ్యాక ఆ పని కోసం నేనూ చెల్లీ కొట్టుకునేవాళ్ళం. ఎర్రదానికి రోజంతా పనే కాబట్టి దాన్ని ఇంటి పెద్దకోడలు అనేవాడు నాన్న. తెల్లదాన్ని దొరసాని అనేవాడు, చక్రం విప్పితే తప్ప బయటికి రాదని. ఇప్పటికీ మా ఇంట్లో 18-19 అని ఎవరూ అనరు. మా పిల్లాడు కూడా "దొరసాని ఏదీ?" అనే అడుగుతాడు.

నాన్న పనిలో ఎంత గట్టివాడో సరదాలోనూ అంతే. "బండి లాగట్లేదు బావా" అని ఎవరైనా వస్తే, వెనక సీటు మీద ఎక్కి కూర్చుని ఊళ్ళో ఒక చుట్టు తిప్పించుకునేవాడు. దారిలో టీ వాళ్ళ చేతే ఇప్పించుకునేవాడు. దిగాక జబ్బేమిటో చెప్పేవాడు. ఆ చుట్టు తిరిగేది సరదాకే అనుకునేవాళ్ళు చాలామంది. నిజానికి ఏ గేరులో ఏ చప్పుడు వస్తోందో, క్లచ్ ఎక్కడ జారుతోందో వెనక కూర్చుని వినేవాడు. పెళ్ళికి ముందు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవంలో పులివేషం కట్టేవాడట. మాకు ఊహ తెలిసేసరికి వేషం మానేశాడు గానీ, డప్పు వినపడితే మాత్రం నిలబడేవాడు కాదు. నలభై దాటిన మనిషి మమ్మల్ని అమ్మకి అప్పజెప్పి జనంలోకి దూరిపోయి నాలుగు అడుగులు వేసి వచ్చేవాడు. ఏడాది మొత్తంలో షెడ్డు పూర్తిగా మూసేది దసరా తర్వాత సిరిమాను జరిగే ఆ మంగళవారం ఒక్కరోజే. సంక్రాంతికి కూడా మధ్యాహ్నం దాకా తీసే ఉంచేవాడు, పండక్కి ఊరొచ్చినవాళ్ళ బళ్ళు ఆగిపోతే ఏం చేస్తారని.

ట్యూబు చుట్టడం చాలామంది చేస్తారు, కానీ నాన్న చుట్టే తీరు వేరు. పాత సైకిలు ట్యూబుని పొడవునా అరంగుళం వెడల్పు పీలికగా కోసి, బాగా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా చుట్టేవాడు. చివరి కొసని కింది చుట్టులోకి దోపి లాగేసేవాడు. జిగురు వాడడు. ఆయిలు చేతులతో పట్టుకున్నా పానా జారదు. చలికాలం పొద్దున్నే ఇనుము చురుక్కుమనదు. పట్టు విషయంలో దీన్ని మించింది నేను చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఒక సిరిమాను నాడు నేనూ మా ఆవిడా బండి మీద విజయనగరం వెళ్ళాం. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, అమ్మవారి గుడి దగ్గర్నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. మూడో తిరుగుడు కూడా చూసేదాకా మా ఆవిడ కదల్లేదు. తిరిగొచ్చేటప్పటికి చీకటి పడింది, సన్నగా తుంపర. బొండపల్లి దాటాక టక్కుమని చప్పుడై చైను జారిపోయింది. పాత బండి, ఇంజను ఆగితే హెడ్‌లైటు వెలగదు. సిరిమానుని వీడియో తీసీ తీసీ నా ఫోను ఎప్పుడో చచ్చిపోయింది. ఆవిడ ఫోను పిల్లాడు ఆడుకుంటాడని ఇంట్లోనే వదిలేసి వచ్చాం. సాలూరు వైపు పోయే లారీలు దాటినప్పుడు క్షణం వెలుగు, ఆ తర్వాత ముందుకన్నా ఎక్కువ చీకటి. మా ఆవిడకి ఒకటే టెన్షన్.

డిక్కీలోంచి పానాల సంచి తీసి రోడ్డు పక్కన పరిచాను. చీకట్లో ఎరుపూ నలుపే, నీలమూ నలుపే. చక్రం ముందుకి జరిపి చైను ఎక్కించాలంటే చక్రం ఇరుసుకుండే యాక్సిల్ నట్టుకి 19 కావాలి, అవతలి తల తిరక్కుండా 17 పట్టాలి, చైను బిగువు సరిచేసే అడ్జస్టర్లకి 10 కావాలి. ఒక్కోటీ తీసి నట్టుకి పెట్టి చూసుకుంటూ పోదామని మొదలుపెట్టాను. అప్పుడు బొటనవేలికి ట్యూబు మీద ఏదో గరుకుగా తగిలింది. దారం. నోటికి దగ్గర్లో, ట్యూబు మొదట్లో, గట్టిగా బిగించిన ఒక చుట్టు. ఇంకో పానా తీశాను, దానికి రెండు. ఇంకోదానికి మూడు. పగలు ఆ దారం ఎన్నిసార్లు చూశానో. ట్యూబు ఊడకుండా కట్టిందనుకున్నాను. కానీ ఊడకుండా కట్టేదైతే అన్నిటికీ ఒకేలా ఉండాలి కదా! వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ పోతే ఎర్రదానికి ఒకటి, ఆకుపచ్చకి రెండు, నీలానికి మూడు, పసుపుకి నాలుగు, దొరసానికి ఐదు. ప్రతిదానికీ చిన్న అంకె ఉన్న నోటి వైపే కట్టు ఉంది. అంటే ఏ పానానో, ఏ కొసో రెండూ చేతికే తెలుస్తాయి.

అక్కణ్ణుంచి పని సాఫీగా సాగింది. ఐదు చుట్ల పానా తీసి, రెండో కొస తిప్పి యాక్సిల్ నట్టుకి పెట్టాను. నాలుగు చుట్లదాని రెండో కొస మా ఆవిడ చేతికిచ్చి అవతల పట్టమన్నాను. ఒక చుట్టుదానితో అడ్జస్టర్లు వదులు చేశాను. చక్రం రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూసుకోవడానికి ఫోర్కు మీద గీతలుంటాయి, అవి కనపడే పరిస్థితి లేదు. నట్టుకి ఆరు ముఖాలు కాబట్టి, కుడి పక్క ఎన్ని ముఖాలు తిప్పితే ఎడమ పక్కా అన్నే తిప్పాలని చిన్నప్పుడు నాన్న చెప్పింది గుర్తుంది. అలాగే లెక్కపెట్టి బిగించాను. చైను మధ్యలో వేలితో పైకి నొక్కితే రెండు వేళ్ళ మందం ఆడింది. అంతకన్నా బిగిస్తే బేరింగు పోతుంది, వదిలేస్తే మళ్ళీ జారుతుంది. తుంపరలోనే ఇల్లు చేరాం.

అమ్మ మెలకువగానే ఉంది. దారం గురించి అడిగితే, "రంగులు చీకట్లో ఎలా కనపడతాయిరా?" అంది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది కదా, ఆ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో జనరేటర్లకీ, నీళ్ళు తోడే ఇంజన్లకీ ఒకటే గిరాకీ. తడిసినవీ, ఎన్నాళ్ళుగానో మూలపడినవీ అన్నీ నాన్న దగ్గరికే వచ్చాయట. రాత్రి లాంతరు వెలుగులో అమ్మ నీలమనుకుని ఆకుపచ్చది ఇచ్చేదట. మర్నాడు వలదారం కొనుక్కొచ్చి కట్టింది అమ్మే. ఎన్ని చుట్లు దేనికో కూడా ఆవిడ పెట్టిన లెక్కే. నాన్న ఆవిడ కళ్ళకి తువ్వాలు కట్టి, "నీలం, పసుపు, దొరసాని" అని ఒక్కోటీ అడిగి పరీక్ష పెట్టాడట. అన్నీ సరిగ్గా ఇచ్చేసరికి, ఊరంతా చీకట్లో ఉంటే, షెడ్డులోనే పులి అడుగులేశాడట. నేనప్పుడు హైదరాబాదులో ఉన్నాను, ఫోన్లు కలవక ఇక్కడేమైందోనని అక్కడ కొట్టుకుపోతున్నాను. ఇక్కడ వీళ్ళిద్దరూ ఇలా ఉన్నారన్నమాట. ఆ మాట విన్నాక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక లోపాలు. పట్టు గురించి పైన అంత గొప్పగా చెప్పాను గానీ, అది మా ఎండలు ముదిరేదాకానే. మే నెలలో ట్యూబు మెత్తబడి చేతికి నల్లగా అంటుకుంటుంది. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి వదులవుతుంది, కార్బొరేటర్ పని చేశాక వెంటనే తుడవాలి. ట్యూబు వల్ల కాడ లావెక్కింది కాబట్టి ఇంజనుకీ ఫ్రేముకీ మధ్య సందుల్లో దూరదు. అలాంటి చోట్లకి ట్యూబు లేని 10 రింగు పానా ఒకటి విడిగా కొనుక్కున్నాను.

12-13 మాత్రం నిజంగా అరిగిపోయింది. దాని మీద కంపెనీ ముద్ర కూడా మిగల్లేదు. 13 వైపు నోరు విచ్చుకుంది, గట్టి నట్టు మీద పెడితే జారి మూలలు తినేస్తుంది. అరుగుదల చూస్తే నాన్న పని చేసిన కాలం తెలుస్తుంది. టాటా లారీలు 1954లో బెంజ్ వాళ్ళతో కలిసి మొదలైనవి, వాటి కొలతలు జర్మనీవి. అందులో 8 మి.మీ. బోల్టుకి తల 13 ఉంటుంది. అదే బోల్టుకి జపాను కొలతలో తల 12. హీరో హోండా లాంటి బళ్ళన్నీ ఆ లెక్కే. 13 నోరు సాలూరు లారీల మీద అరిగింది, 12 నోరు గజపతినగరం షెడ్డులో అరుగుతూ వచ్చింది. 12 ఇంకా పనిచేస్తుంది. 13 నేను వాడను, అలాగని పారెయ్యను.

కొత్త బళ్ళకి ఈ సెట్టు చాలదు. తలలో ఆరుమూలల గుంట ఉండే బోల్టులకి వాడే ఎలన్ కీలు ఇందులో లేవు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక దాదాపు బళ్ళన్నీ కార్బొరేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షనే, మీటరులో ఇంజను లైటు వెలిగితే స్కానర్ పెట్టాల్సిందే. చివరి రెండేళ్ళలో నాన్న కూడా అలాంటి బళ్ళని పట్నం పంపించేసేవాడు. పంపేముందు వెనక సీటు మీద ఒక చుట్టు మాత్రం తిరిగొచ్చేవాడు.

కాబట్టి ఎవరికి పనికొస్తుందంటే, నాలా పాత బండి ఉండి, చిన్న పనులు ఇంట్లోనే చేసుకునేవాళ్ళకి. మీ సెట్టుకి రంగులు పూసుకోండి, దారం కట్టుకోండి. ఖర్చు యాభై రూపాయలు దాటదు. కళ్ళు మసకబారిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే మరీ మంచిది. నాకు ఇంత నచ్చడానికి అమ్మ ఇంట్లో ఉండడమూ ఒక కారణం, అది వేరేవాళ్ళకి ఎంత కలిసొస్తుందో చెప్పలేను. చెల్లి కుట్టుమిషనుకని 8-9 అడిగితే ఇచ్చేశాను, ఇప్పుడు నా దగ్గరున్నవి ఏడు. ఎర్రదానికి ట్యూబు వదులైంది, ఈ సిరిమానుకి వెళ్ళేలోపు మార్చాలి. ట్యూబు నేను చుడతాను, దారం మాత్రం తనే కడతానంది అమ్మ.