నెబ్బియోలోతో రెండు గంటలు: బరోలో గ్రామంలో ఒక ఎనోటెకా

ఇటలీ వైన్లలో నాకు అన్నింటికన్నా ప్రీతిపాత్రమైనవి నెబ్బియోలో ద్రాక్షతో చేసేవి. ఆ ద్రాక్షకు పుట్టినిల్లు అనదగిన పియెమాంటే ప్రాంతంలో, బరోలో గ్రామపు కోటకు నాలుగడుగుల దూరంలో ఉన్న ఒక చిన్న ఎనోటెకాలో, అంటే రుచి చూపించి వైన్ అమ్మే దుకాణంలో, గత అక్టోబరులో ఆరు వైన్లు రుచి చూశాను. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారిని ఆరుగురికి మించకుండా కూర్చోబెట్టి, మనిషికి 95 యూరోలు తీసుకుని, ఒక్కో వైన్‌ను 50 మిల్లీలీటర్ల చొప్పున రెండు గంటల పాటు వడ్డిస్తారు. వాటిలో ఒకటి 1996 నాటిది కాబట్టి ఈ ధర ఎక్కువని నేను అనను.

మొదటి గ్లాసు తిమొరాస్సో. తొర్తోనా కొండల్లో పండే ఈ తెల్ల ద్రాక్ష ఒక దశలో దాదాపు కనుమరుగైపోగా, 1980లలో వాల్టర్ మాస్సా అనే రైతు పట్టుబట్టి దానికి మళ్లీ ప్రాణం పోశారు. సీసాను మంచులో ముంచి ఉంచకుండా కొంత ముందుగానే బయట పెట్టడం వల్ల, తేనెను తలపించే దాని సువాసన మొదటి గుక్కలోనే తెలిసింది. రెండవది వెర్దూనో గ్రామపు పెలవెర్గా అనే ఎర్ర ద్రాక్షతో చేసినది. పలుచని ఎరుపు, మిరియాల ఘాటు, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత పక్కపక్కనే పెట్టిన రెండు గ్లాసుల కోసమే ఈ చోటికి వెళ్లాలని నేను చెబుతాను. రెండూ 2016 నాటి బరోలోలే (ఈ గ్రామం పేరునే పెట్టుకున్న ఎర్ర వైన్), రెండూ నూరు శాతం నెబ్బియోలోనే, రెండూ పెద్ద ఓక్ పీపాల్లో పరిపక్వమైనవే. తేడా అల్లా ఒకటి లా మొర్రా కొండది, రెండవది సెర్రలుంగా కొండది కావడమే. లా మొర్రా వైపు నేల నీలి ఛాయ గల సున్నపు బంకమట్టి. సెర్రలుంగా నేల అంతకన్నా పాతది, గట్టిది, ఇసుకరాయి పాలు ఎక్కువ ఉన్నది. ఈ సంగతి పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను గానీ, నాలుక మీద ఇంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు. లా మొర్రా గ్లాసు పోసిన అయిదు నిమిషాలకే ఎండిన గులాబీ రేకుల వాసనతో విచ్చుకుంది. సెర్రలుంగా గ్లాసు మాత్రం తారు వాసన తప్ప మరేదీ బయటపెట్టకుండా, చిగుళ్లను పట్టేసే వగరుతో బిగుసుకుని కూర్చుంది. నిర్వాహకురాలు దాన్ని పక్కన పెట్టమని, చివర్లో మళ్లీ చూద్దామని సూచించారు. రంగును చూసి నెబ్బియోలోను తేలికైన వైన్ అని పొరబడేవారు చాలామంది ఉంటారు. గ్లాసు వెనుక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేంత పలుచగా ఉండే ఆ ఎరుపులో ఇంత వగరు దాగి ఉంటుందని ఊహించడం ఎవరికైనా కష్టమే.

బరోలోను కోతకోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కించి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలో, నిల్వ ఉంచాలన్నది నిబంధన. ఇంకా ఎక్కువ కాలం నిల్వ ఉంచే రకమైన రిసెర్వాకు 62 నెలలు. అయిదవ గ్లాసుగా వచ్చిన 2010 రిసెర్వా ఆ నిరీక్షణకు తగిన ఫలం: వగరు కరిగి మెత్తబడింది, పులుపు మాత్రం చెక్కుచెదరలేదు.

నా అసంతృప్తి అంతా ఆరవ గ్లాసు విషయంలోనే. 1996 సీసా బిరడా తీసి పోయగానే తడిసిన అట్టముక్క వాసన వచ్చింది. బిరడాలో చేరిన టి.సి.ఎ. అనే రసాయనం వల్ల కలిగే ఈ దోషం ఆరోగ్యానికి హాని చేయదు గానీ, వైన్‌లోని పండు వాసనను పూర్తిగా అణచివేస్తుంది. ఇందులో దుకాణం తప్పేమీ లేదు. పైగా నేను చెప్పగానే నిర్వాహకురాలు వాసన చూసి, మారుమాట లేకుండా మరో సీసా తెచ్చారు. అయితే అది అంతవరకు అరలో పడుకోబెట్టి ఉన్న సీసా. పాత నెబ్బియోలోలో వగరునిచ్చే టానిన్, రంగు పదార్థాలు కలిసి మడ్డిగా పేరుకుంటాయి కనుక, తీయడానికి ఒక రోజు ముందైనా సీసాను నిలబెట్టి, మడ్డి అడుగుకు దిగి పైన వైన్ తేటపడ్డాక, మెడ దగ్గర దీపం పెట్టి చూసుకుంటూ నెమ్మదిగా వంచాలి. ఇక్కడ తెచ్చిన వెంటనే తీసి పోయడంతో గ్లాసంతా కలకబారి, అంచున ఇటుకరంగు తిరిగిన ఆ అపురూపమైన వైన్ చివర చేదు తగిలింది. ఇరవై ఏళ్లు దాటిన సీసాను వడ్డించదలచినవారు ప్రత్యామ్నాయంగా మరొక దాన్ని కూడా ముందురోజే నిలబెట్టి ఉంచుకోవడం కనీస ధర్మమని నా అభిప్రాయం.

కాబట్టి వెళ్లదలచినవారు నమోదు చేసుకునేటప్పుడే పాత సీసాను, దాని ప్రత్యామ్నాయాన్ని రెండింటినీ ముందురోజే నిలబెట్టి ఉంచమని అడగండి. నోటి రుచి ఇంకా చెడని ఉదయపు వేళను ఎంచుకోండి. ఆ రోజు అత్తరు పూసుకోకండి. అన్నింటికన్నా ముఖ్యంగా, సెర్రలుంగా గ్లాసును ఖాళీ చేయకండి. నేను చివరి పది నిమిషాల్లో దాన్ని మళ్లీ అందుకున్నప్పుడు తారు వాసన వెనక్కి తగ్గి, ఎర్రటి చెర్రీ, సోంపు, వాటి కింద ఎక్కడో గులాబీ ఒకదాని వెంట ఒకటి పైకి వచ్చాయి. ఆ సీసానే ఒకటి కొనుక్కుని బయటికి వచ్చాను.