నైకాన్ 200-500: చెన్నై పక్షి ఛాయాచిత్రకారుల చేతుల్లో

నైకాన్ సంస్థ 2015 ఆగస్టులో ప్రకటించిన ఏఎఫ్-ఎస్ నిక్కార్ 200-500 మి.మీ. ఎఫ్/5.6ఈ ఈడీ వీఆర్ లెన్సును ఇన్నేళ్ల తర్వాత సమీక్షించడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నిజానికి చెన్నైలోని ఔత్సాహికుల మధ్య ఈ లెన్సు ఇంతగా చేతులు మారుతున్న కాలం మునుపెన్నడూ లేదు. 2023లో నైకాన్ మిర్రర్‌లెస్ కెమెరాలకు లెన్సు బిగించే జెడ్ మౌంటు కోసం 180-600 మి.మీ. లెన్సు వచ్చిన తర్వాత, ఆ కెమెరాలకు మారుతున్నవారు తమ 200-500ను అమ్మకానికి పెడుతున్నారు; లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్‌ కెమెరాతోనే తృప్తిగా ఉన్న ఉద్యోగులు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు దాన్ని కొనాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నారు. ఈ సమీక్ష వారి కోసం.

ముందుగా దీని హోదా ఏమిటో చెప్పుకోవాలి. అమెరికాలో దీని విడుదల ధర సుమారు 1,400 డాలర్లు. అదే ఏడాది నైకాన్ తెచ్చిన 500 మి.మీ. ఎఫ్/4ఈ ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు ధర 10,000 డాలర్లు దాటింది. అంత దూరం చూడగలిగే లెన్సును సామాన్య ఉద్యోగికి అందుబాటులోకి తేవడమే 200-500 సాధించిన మొదటి పని. రెండోది, 200 దగ్గరైనా 500 దగ్గరైనా ఎపర్చరు, అంటే కాంతిని లోపలికి వదిలే రంధ్రం, ఎఫ్/5.6 గానే ఉండటం (ఎఫ్ సంఖ్య పెరిగితే కాంతి తగ్గుతుంది). అదే ధరల శ్రేణిలో పోటీగా నిలిచిన టామ్రాన్, సిగ్మా 150-600 లెన్సులు చివరి కొసకు వచ్చేసరికి ఎఫ్/6.3కు పడిపోతాయి. తేడా స్టాపులో (కాంతి రెట్టింపయ్యే మెట్టులో) మూడో వంతే కదా అని తీసిపారేయవచ్చు గానీ, మార్గశిర మాసపు మబ్బు ఉదయాన చెన్నై దక్షిణాన ఉన్న పళ్లికరణై చిత్తడినేల నీళ్లలో పరజలు కదులుతున్నప్పుడు ఐఎస్ఓను (కాంతికి సెన్సరు చూపే సున్నితత్వాన్ని) ఆ కాస్త తగ్గించుకోగలిగితే ఈకల అంచుల్లో తేడా కనిపిస్తుంది. చిన్న సెన్సరు ఉండే డీఎక్స్ కెమెరాకు తగిలిస్తే దృశ్యకోణం 300-750 మి.మీ. లెన్సుకు సమానం కాబట్టి, డీ7200, డీ500 వంటివి చేతిలో ఉన్నవారికి ఇది మరింత లాభం.

బరువు సంగతి దాచకూడదు. ట్రైపాడ్‌కు బిగించే పట్టీ అయిన కాలరుతో కలిపి 2,300 గ్రాములు. కెమెరాతో కలిస్తే మూడు కిలోలు దాటుతుంది, సగం ఉదయం గడిచేసరికి ఎడమ మణికట్టు మొరాయిస్తుంది. దానికి తోడు జూమ్ రింగు తిప్పే దూరం చాలా ఎక్కువ; 200 నుంచి 500కు ఒక్క విసురులో వెళ్లడం సాధ్యం కాదు, మధ్యలో చెయ్యి తీసి మళ్లీ పట్టుకోవాల్సిందే. గరుడపక్షి నెత్తి మీదుగా దూసుకుపోయే వేళ ఇది చిరాకు పుట్టిస్తుంది. అనుభవమున్నవారు చాలామంది దీన్ని 500 దగ్గరే ఉంచి, పక్షి మరీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే వెనక్కి తిప్పుతారు. కాలరు కింది పాదం ట్రైపాడ్ తల మీదికి నేరుగా జారించి బిగించే ఆర్కా-స్విస్ పద్ధతిలో లేకపోవడంతో విడిగా ఒక ప్లేటు బిగించుకోవాలి. ఇంత పెద్ద లెన్సు చేసినవారు ఆ గాడి కూడా చెక్కి ఇచ్చి ఉంటే వారి సొమ్మేం పోయేదో తెలియదు.

ఇక అసలు విషయం, స్పష్టత. ఈ లెన్సు గురించి పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకరు 500 దగ్గర పూర్తి ఎపర్చరులోనే సూది మొనలా పదును ఉందంటారు, మరొకరు 400 దాటితే అంతా మెత్తబడిపోతోందంటారు. ఈ తగవు ఒంటరిగా కూర్చుని తెర మీద ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటే తేలేది కాదు. పళ్లికరణై రోడ్డు అంచున మేమంతా వరుసగా నిలబడే ఉదయాల్లో ఇది తేలిపోయింది. మా బృందంలో నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్లం కొందరం ఉన్నాం, తమిళ మిత్రులు మాకంటే ఎక్కువమంది. ఒకరి చేతిలో సిగ్మా, ఒకరి చేతిలో కానన్ 100-400, ఒక పెద్దాయన దగ్గర ఎఫ్/4 ప్రైమ్, మిగిలినవారివి 200-500లు. అందరూ గురిపెట్టింది మాత్రం ఒకే గూడబాతుల గుంపు. సూర్యోదయం తర్వాత మొదటి గంటలో తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది ఏ లెన్సుదో ఈకల పదునును బట్టి చెప్పడం కష్టమయ్యేది. ఎండ ఎక్కిన తర్వాత తీసినవి చూస్తే అన్నీ ఒకే తీరున మెత్తబడేవి, ఆ ఖరీదైన ప్రైమ్‌తో సహా.

కారణం గాలి. నీరు, బురద, తారురోడ్డు ఒక్కో వేగంతో వేడెక్కుతాయి. వాటి మీది గాలి పొరలు వేర్వేరు సాంద్రతలతో పైకి లేస్తూ వాటి గుండా వచ్చే కాంతిని అటూ ఇటూ వంచుతాయి. ఎండాకాలంలో రోడ్డు మీద కనిపించే అలల వంటి కదలిక ఇదే. పక్షి ఎంత దూరాన ఉంటే మధ్యలో అంత ఎక్కువ గాలి అడ్డుపడుతుంది. లెన్సు ఎంత పొడవైనదైతే ఆ వణుకును అంత పెద్దది చేసి చూపిస్తుంది. వంద అడుగుల లోపు తెల్లకొంగ మీద ఈ లెన్సు కంటిపాప చుట్టూ ఉన్న వలయాన్ని కూడా చక్కగా పట్టిస్తుంది. నీటికి అవతలి ఒడ్డున ఉన్న పక్షిని మిట్టమధ్యాహ్నం తీస్తే ఏ లెన్సయినా బొగ్గుగీతలా మిగులుస్తుంది. కాబట్టి ఈ లెన్సు స్పష్టత మీద నా తీర్పు సూటిగానే ఉంది: ఎఫ్/5.6లో బాగుంది, ఎఫ్/8లో చాలా బాగుంది, దీని మీద వినిపించే ఫిర్యాదుల్లో పెద్ద భాగం వేడిగాలికి చెందాల్సినవి.

ఇంకొక భాగం చేతులకు చెందాల్సినవి. ఇందులోని వీఆర్, అంటే కుదుపును అదుపు చేసే ఏర్పాటు, సుమారు నాలుగున్నర స్టాపుల మేరకు కుదుపును తగ్గిస్తుందని సంస్థ ప్రకటించింది. నిలకడగా కూర్చున్న పక్షి విషయంలో అది అతిశయోక్తిగా అనిపించలేదు. అయితే వీఆర్ మన చేతి వణుకును అదుపు చేస్తుందే తప్ప పక్షి కదలికను ఆపలేదు. లకుముకి పిట్ట నీళ్ల మీద రెక్కలు కొడుతూ నిలిచినప్పుడు సెకనులో 2,000వ వంతు లేదా అంతకంటే వేగమైన షట్టరు పెట్టాల్సిందే. ఎగిరే పక్షితో పాటు కెమెరాను తిప్పేటప్పుడు వీఆర్ మీటను స్పోర్ట్ దగ్గర పెడితే వ్యూఫైండరులో దృశ్యం ఎగిరిపడకుండా ఉంటుంది. ఆటోఫోకస్ వేగం మధ్యస్థం. ఆరు మీటర్ల నుంచి అనంతం వరకు మాత్రమే వెతికేలా చేసే మీటను వాడితే లెన్సు అనవసరంగా ముందుకూ వెనక్కూ తడుముకోవడం తగ్గుతుంది.

ఈ మెళకువలన్నీ నాకు మాన్యువల్ చదివితే వచ్చినవి కావు, పక్కన నిలబడినవారు చెప్పినవి. మా మధ్య అలవాటు ఏమిటంటే, కొత్తగా చేరిన కుర్రవాడు "అన్నా, ఒక్కసారి చూసి ఇస్తాను" అని అడిగితే లెన్సు విప్పి ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. దుకాణంలో అద్దాల అల్మారా ముందు నిలబడి ఈ లెన్సు గురించి నిర్ణయించుకోవడం దండగ. రెండు గంటలు మోసి చూస్తే గానీ ఇది మన భుజానికి సరిపడుతుందో లేదో తెలియదు. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే చోట ఫ్లెమింగోల కోసం వెళ్లినప్పుడు, లేదా నేలపట్టులో గూడబాతుల గూళ్లు చూడబోయినప్పుడు, కొనాలనుకునేవారిని వెంట తీసుకెళ్లడం ఆనవాయితీ అయింది. ఆ బృందంలో కచ్చితమైన నియమం ఒకటే: గూటి జాడ బయటివారికి చెప్పరాదు, ఫొటో కోసం పక్షిని లేపరాదు. పొడవాటి లెన్సు ఉండటమే దూరంగా నిలబడటానికి కదా!

చెన్నైలో దీన్ని ఉంచుకోవడం మరొక పని. సముద్రపు తేమ వల్ల లెన్సు లోపల బూజు పట్టడం ఇక్కడ నిత్యం వినే సమస్య. డ్రై క్యాబినెట్ కొనగలిగితే అందులో తేమను 40-50 శాతం మధ్య ఉంచాలి. లేకుంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమమాపకం పెట్టినా చాలు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే ముందు గాజు మీద ఆవిరి కమ్ముకుంటుంది కాబట్టి, బయలుదేరడానికి ముందే సంచీతో సహా ఏసీ లేని గదిలోకి మార్చాలి. ఫిల్టరు బిగించే ముందు అంచు అడ్డకొలత 95 మి.మీ. కావడంతో మంచి ఫిల్టరు ఖరీదైనది, చవక ఫిల్టరు పెడితే 500 దగ్గర పదును పోతుంది. ఫిల్టరు మానేసి హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టం) ఎప్పుడూ తగిలించి ఉంచడమే నా పద్ధతి.

కొనే ముందు కెమెరా ఏదో చూసుకోవాలి. లెన్సు పేరులో 5.6 పక్కనున్న ‘ఈ’ (E) అనే అక్షరానికి అర్థం ఎపర్చరు విద్యుత్ సంకేతంతో పనిచేస్తుందని. డీ90, డీ80, డీ200, డీ3000 వంటి పాత కెమెరాలకు ఆ సంకేతం పంపడం తెలియదు, వాటి మీద ఎపర్చరు మార్చలేరు. డీఎస్ఎల్ఆర్ లెన్సులను జెడ్ కెమెరాలకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో ఆ కెమెరాల మీద మాత్రం ఆటోఫోకస్, వీఆర్ రెండూ చక్కగా పనిచేస్తాయి. అయితే జెడ్ కెమెరా ఇప్పటికే ఉండి, 180-600కు సరిపడా డబ్బు కూడా ఉంటే, జూమ్ చేసినా పొడవు మారని ఆ లెన్సుకే నా ఓటు. డబ్బు సరిపోని పక్షంలో 200-500 కొన్నందుకు బాధపడే అవసరం రాదు.

పాతది కొనేవారు అమ్మేవారిని పగటిపూట బయట కలవడం మేలు. వెనక నుంచి టార్చి వెలుగు వేసి, ముందు గాజులోంచి చూస్తే బూజు సాలెగూటి పోగుల్లా కనిపిస్తుంది. నాలుగు ధూళి రేణువులకు భయపడనక్కరలేదు, పోగులు కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా వదిలేయాలి. జూమ్‌ను పూర్తిగా బయటికి తెచ్చి గొట్టం పక్కలకు ఊగుతోందేమో కదిపి చూడాలి. 200 దగ్గర బిగించే తాళం పనిచేస్తోందా, వీఆర్ మొదలైనప్పుడు వ్యూఫైండరులో దృశ్యం కుదురుకుంటోందా, దగ్గరి వస్తువు నుంచి దూరపు వస్తువుకు ఫోకస్ తడబడకుండా వెళుతోందా అన్నవి సొంత కెమెరాకు తగిలించి పరీక్షించాలి. కాలరు, హుడ్, 95 మి.మీ. మూత మూడూ వస్తున్నాయో లేదో డబ్బు ఇచ్చే ముందే లెక్క చూసుకోవాలి, ఎందుకంటే తర్వాత వాటిని విడిగా కొనబోతే బేరంలో మిగిలింది అక్కడే ఖర్చవుతుంది.