రూ.36,990 గేమింగ్ కాంబో: ప్రాసెసర్‌కు ఓటు, ఎస్‌ఎంపీఎస్‌కు వేటు

నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీదున్న ఒక కంప్యూటర్ దుకాణం 2025 దసరాకు పెట్టిన గేమింగ్ కాంబో, అంటే ఆటలాడే కంప్యూటర్‌కు కావలసిన భాగాలన్నీ కలిపి ఒకే ధరకు ఇచ్చే సెట్టు గురించి ఇది. ఫ్లెక్సీ మీద 54,500 రూపాయల ధరను కొట్టేసి, పక్కనే ఎర్రటి అంకెలతో 36,990 అని వేశారు. కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు: కొనవచ్చు, కానీ వాళ్లిచ్చింది ఇచ్చినట్టుగా కాదు. మొత్తం ఏడు భాగాల్లో నాలుగు మంచివి, రెండు మార్పించుకోవలసినవి, ఒకటి మాత్రం ఇంటి గడప తొక్కనివ్వకూడనిది.

నేను గడియారం సెంటర్ దగ్గర డీటీపీ, జిరాక్స్ సెంటర్ నడుపుతాను. పొద్దున షట్టర్ తీసినప్పటి నుంచి రాత్రి వేసేదాకా కంప్యూటర్లతోనే బతుకు. కాంబో కావాలన్నది నా కోసం కాదు, మా అక్క కొడుకు కోసం. హాలియాలో ఉంటాడు, పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ఈసారి బత్తాయి తోట మీద నాలుగు రూపాయలు మిగిలాయని, వాడు రెండేళ్లుగా అడుగుతున్న కంప్యూటర్ కొనిపెడదామని అక్కా బావా నిర్ణయించుకున్నారు. ఆ డబ్బు ఎంత ఎండలో వచ్చిందో నాకు తెలుసు. అందుకే ప్రతి పెట్టె విప్పించి చూశాకే డబ్బు చేతికిచ్చాను.

ముందుగా ఆ తగ్గింపు సంగతి. ఫ్లెక్సీ లెక్క ప్రకారం 17,510 రూపాయలు ఆదా. కొట్టేసిన ధర అన్ని పెట్టెల మీదున్న ఎమ్మార్పీల మొత్తం. కంప్యూటర్ భాగాలను ఎమ్మార్పీకి ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. అదే వారంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలిసినవారి చేత విడివిడి ధరలు అడిగించాను. ప్రాసెసర్ 6,900, మదర్‌బోర్డు 5,100, 16 జీబీ ర్యామ్ 4,000, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవు) 2,900, గ్రాఫిక్స్ కార్డు 15,800, క్యాబినెట్ 2,600, ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె) 1,100. కూడితే 38,400. అంటే నిజంగా మిగిలేది 1,410 రూపాయలు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. వంద కిలోమీటర్లు పోయి రావడం తప్పుతుంది, రేపు ఏదైనా పాడైతే ఊళ్లోనే అడిగే మనిషి ఉంటాడు. అందువల్ల ధర విషయంలో ఈ దుకాణాన్ని తప్పుపట్టను. ఫ్లెక్సీ మీది అంకెను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 5500. 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 65 వాట్లు. దీని అన్నగారైన 5600లో 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) ఉంటే ఇందులో 16 మాత్రమే. ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది, కానీ ఈ ధరలో దొరికే గ్రాఫిక్స్ కార్డుకు ఇది ఏమాత్రం అడ్డం రాదు. నాకు బాగా నచ్చింది, సీలు వేసిన పెట్టెలో కూలర్‌తో సహా ఇవ్వడం. కొన్నిచోట్ల ట్రే ప్రాసెసర్ అంటూ పెట్టె లేకుండా విడిగా చేతిలో పెడతారు. దానికి కంపెనీ కూలరూ ఉండదు, పెట్టె ప్రాసెసర్‌కు వచ్చే మూడేళ్ల వారంటీ కూడా ఉండదు. కాంబో కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.

మదర్‌బోర్డు బీ450 చిప్‌సెట్‌ది. చిప్‌సెట్ అంటే బోర్డు మీది భాగాల మధ్య రాకపోకలు చూసే చిప్. ఇది 2018 నాటి చిప్‌సెట్ కదా, పాత సరుకు అంటగడుతున్నారని మా వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "చిన్నమ్మా, యూట్యూబ్‌లో అందరూ బీ550 తీసుకోమంటున్నారు" అన్నాడు. బీ550 గొప్పంతా పీసీఐఈ 4.0, అంటే కార్డూ డ్రైవూ బోర్డుతో మాట్లాడే దారి వేగంగా ఉండటం. 5500 ప్రాసెసర్ ఎంత ఖరీదైన బోర్డు మీద పెట్టినా పీసీఐఈ 3.0 వేగం దాటదు. కాబట్టి ఇక్కడ బీ450 పెట్టడం మోసం కాదు, సరైన జోడీయే. ఒక్క జాగ్రత్త చెప్పాను. ఈ బోర్డులో ప్రాసెసర్ చుట్టూ కరెంటు సర్దే భాగాల మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రెక్కలు) లేదు. రేపెప్పుడో 105 వాట్ల 5800ఎక్స్3డీ లాంటి పెద్ద ప్రాసెసర్ తెచ్చి దీని మీద కూర్చోబెట్టాలనుకోవద్దు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర కొనేవాళ్లు కళ్లు తెరుచుకుని ఉండాలి. ఫ్లెక్సీ మీద ఆర్‌టీఎక్స్ 3050 అని మాత్రమే రాశారు, ఎన్ని జీబీలో రాయలేదు. ఆ పేరుతో రెండు వేర్వేరు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చిన 8 జీబీ కార్డులో 2,560 కోర్లు, 128 బిట్ మెమరీ దారి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ కార్డులో 2,304 కోర్లు, 96 బిట్. రెండోది స్పష్టంగా నెమ్మది. కాంబోలో ఉన్నది రెండోదే. అడిగితే దుకాణం యజమాని వెంటనే ఒప్పుకొని పెట్టె తీసి చూపించారు, దాచలేదు. ధర కూడా 6 జీబీ ధరే వేశారు కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు. కానీ ఫ్లెక్సీ మీద ఆ ఒక్క అంకె రాయడం వాళ్ల బాధ్యత. పక్క జిల్లా నుంచి వచ్చి 8 జీబీ అనుకుని కొనుక్కుపోయే పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది.

ఈ 6 జీబీ కార్డుకు ఒక మంచి గుణం ఉంది. 70 వాట్లతోనే నడుస్తుంది, 8 జీబీ కార్డుకైతే 130 కావాలి. మేం తీసుకున్న దానికి విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు, స్లాటు నుంచే కరెంటు తీసుకుంటుంది. దుకాణంలోనే వాలరెంట్ అనే ఆట పెట్టించి చూశాం. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద సెకనుకు ఫ్రేములు రెండు వందల పైనే ఆడాయి. ఈ మధ్య వస్తున్న పెద్ద ఆటలకు సెట్టింగులు తగ్గించుకోవాలి, 6 జీబీ మెమరీ వాటికి త్వరగా నిండిపోతుంది. ఆ సంగతి మా వాడికి ముందే చెప్పాను, ఒప్పుకున్నాడు. ఇంకొకటి, 5500లో లోపలి గ్రాఫిక్స్ లేవు. కార్డు పాడై సర్వీసుకు పోతే అది తిరిగి వచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. చదువుకు కూడా ఇదే కంప్యూటర్ అనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక ఎస్‌ఎంపీఎస్. కాంబోలో దీని కంపెనీ పేరు ఎక్కడా లేదు. "500 వాట్స్ గేమింగ్ పవర్ సప్లయ్" అని ఉంది, అంతే. పెట్టె విప్పి చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది, అంత తేలిక. వెనుక వైపు చిన్న ఎర్ర స్విచ్ ఉంది, 115 అని ఒక పక్క, 230 అని ఇంకో పక్క. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ ప్లగ్గు నుంచి కరెంటును సాఫీగా తీసుకునే సర్క్యూట్) ఉన్న ఈ కాలపు సప్లయ్‌లకు సాధారణంగా ఆ స్విచ్ ఉండదు, వచ్చిన వోల్టేజీకి అవే సర్దుకుంటాయి. ఆ స్విచ్ ఉందంటే లోపల ఉన్నది పాత తరం డిజైన్. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా దాన్ని 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే చాలు, లోపల పేలుతుంది.

ఆ పక్కనే లేబుల్ ఉంది. కౌంటర్ మీదే కాగితం తీసుకుని మా వాడి చేతే లెక్క వేయించాను. 12 వోల్టుల లైను 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. 5 వోల్టులు 20 ఆంపియర్లు, 100 వాట్లు. 3.3 వోల్టులు 20 ఆంపియర్లు, 66 వాట్లు. మిగతా చిల్లర లైన్లు రెండూ కలిపి 14 వాట్లు కూడా లేవు. అన్నీ కూడినా 372కు మించలేదు. వాళ్ల లేబులే వాళ్ల 500ను కాదంటోంది. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ కాలపు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తీసుకునేదంతా దాదాపుగా 12 వోల్టుల లైను నుంచే. కాబట్టి మనకు నిజంగా పనికొచ్చేది ఆ 192 మాత్రమే.

దాంతో ఈ కంప్యూటర్ నడవదా అంటే, నడుస్తుంది. 65 వాట్ల ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 88 వాట్ల దాకా తీసుకుంటుంది, కార్డు 70, ఫ్యాన్లూ డ్రైవూ మరికొంత. 170, 180 దగ్గర ఆగుతుంది. దుకాణంలో ఏసీ కింద అరగంట ఆడించి చూపిస్తే ఎవరికీ లోపం కనిపించదు. మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు, రేకుల గదిలో మూడు గంటలు ఆడితే అప్పుడు తెలుస్తుంది. ఐదు హార్స్‌పవర్ మోటారుకు సన్న తీగ లాగితే ఏమవుతుందో రైతు ఇంట పుట్టిన మా వాడికి వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఎస్‌ఎంపీఎస్ పోతే అదొక్కటే పోతుందన్న హామీ లేదు. చవక రకాల్లో రక్షణ సర్క్యూట్లు సరిగా ఉండవు, పోతూ పోతూ బోర్డునో కార్డునో కూడా తీసుకుపోవచ్చు. 1,100 రూపాయల వస్తువు చేతిలో 35 వేల సరుకు పెట్టడం నాకు సమ్మతం కాదు. పైగా కేబుళ్లలో గ్రాఫిక్స్ కార్డుకిచ్చే పవర్ తీగ అసలు లేదు. రేపు 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 లాంటి కార్డుకు మారదామన్నా దారి లేదు.

యజమానితో ఇదే చెప్పాను. "మేడం, ఈ కాంబో ఎంతోమందికి ఇచ్చాం, ఎవరూ తిరిగి రాలేదు" అన్నారు. నేను లేబుల్ లెక్క చూపించాక మాత్రం వాదించలేదు. ఎస్‌ఎంపీఎస్ తీసేసి 900 తగ్గించారు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్లది వాళ్ల దగ్గరే 3,900కు తీసుకున్నాం. బ్రాంజ్ అంటే సగం లోడు మీద కనీసం 85 శాతం సామర్థ్యం ఉండాలి, ఆ మేరకు వేడి తగ్గుతుంది. దాని లేబుల్ మీద 12 వోల్టుల లైను ఒక్కటే 500 వాట్లకు పైగా ఉంది.

ర్యామ్ 16 జీబీ, డీడీఆర్4 3200. కానీ ఒకే స్టిక్. టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్టు, వేగం 2666 అని చూపించింది. రైజెన్ ప్రాసెసర్లకు రెండు స్టిక్కులు ఉంటేనే మెమరీ రెండు దారుల్లో పారుతుంది, ఆటలో ఉన్నట్టుండి వచ్చే కుదుపులు తగ్గుతాయి. 300 అదనంగా ఇచ్చి 8 జీబీ స్టిక్కులు రెండు పెట్టించాం. బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయమంటే అక్కడి కుర్రాడు నిమిషంలో చేశాడు, 3200 వచ్చింది. అడగకపోతే అది 2666లోనే ఉండిపోయేది. మనం డబ్బిచ్చిన వేగం మనకు రావాలంటే ఆ ఒక్క మాట అడగాలి.

ఎస్‌ఎస్‌డీ వేగమైన ఎన్‌వీఎంఈ రకమే, నెమ్మదైన సాటా రకం కాదు, బాగుంది. క్యాబినెట్ ముందు భాగమంతా అద్దం, వెనుక రంగుల ఫ్యాన్లు. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ గాలి వచ్చే దారి లేదు. అదే ధరలో ముందు జాలీ ఉన్నది ఇమ్మంటే ఇచ్చారు. మన దుమ్ముకు జాలీని నెలకోసారి బ్రష్‌తో తుడుచుకోవాలి, ఆ మాత్రం శ్రమ తప్పదు.

విండోస్ ఉచితం అని కూడా రాశారు. అది లైసెన్సు లేనిది. వద్దన్నాం, లైసెన్సు విడిగా కొనుక్కుంటాం. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి. ఈ బోర్డు బయాస్‌లో రెండూ ఉన్నాయి, దుకాణంలోనే ఆన్ చేయించుకోండి.

బిల్లు లేకుండా అయితే ఇంకో 1,500 తగ్గిస్తామన్నారు. 36,990లో 18 శాతం జీఎస్టీ కిందే దాదాపు 5,640 రూపాయలుంది కాబట్టి ఆ మాట ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. కానీ వారంటీకి బిల్లే ఆధారం. మొదట ఇచ్చిన బిల్లులో "గేమింగ్ కాంబో" అని ఒకే వరుస రాశారు. ప్రతి భాగం పేరూ, సీరియల్ నంబరూ విడివిడిగా రాయించుకున్నాం. విసుక్కోకుండా రాసిచ్చారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

చివరికి మాకైంది 40,290. ఫ్లెక్సీ ధర కంటే 3,300 ఎక్కువ. ఇందులో మానిటర్, కీబోర్డు, యూపీఎస్ లేవు. బొమ్మలో అన్నీ ఉంటాయి, కింద సన్న అక్షరాల్లో ఇవి విడిగా కొనాలని ఉంటుంది. అంత పెట్టలేమనేవారు మానిటర్ కొనడం వాయిదా వేసుకుని ఇంట్లోని టీవీకి హెచ్‌డీఎంఐ తీగతో కలుపుకోండి, కొన్నాళ్లు గడుస్తుంది. యూపీఎస్ కోసమైతే 600 వీఏది ఈ కంప్యూటర్‌కు సరిపోతుంది, అది దాదాపు 360 వాట్లు ఇస్తుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో మాత్రం ఏ కంప్యూటరూ పెట్టవద్దు. మా అక్క వాళ్లింట్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బొగ్గు, ఉప్పు వేసి కొత్త గుంత తీయించాకే దీన్ని హాలియా పంపాను.